తరంగ రహస్యవేత్త డాప్లర్

తల్లి గర్భంలోని శిశువు బయటిలోకపు మాటలను వినగలదన్న భావన మన పురాణేతిహాసాలకు కొత్త కాదు. నారదుడు బోధించిన భక్తితత్త్వాన్ని ప్రహ్లాదుడు లీలావతి గర్భంలో ఉండగానే ఆలకించాడని పోతన భాగవతం చెబుతున్నది. పద్మవ్యూహంలోకి ప్రవేశించే మార్గాన్ని అభిమన్యుడు సుభద్ర కడుపులో ఉండగానే విన్నాడన్న కథ తెలుగునాట పసిపిల్లలకు సైతం పరిచితమే. అయితే గర్భస్థ శిశువు లోకాన్ని వినడం ఒక ఎత్తు; లోకం గర్భస్థ శిశువును వినడం మరొక ఎత్తు. బొడ్డుతాడులో పారే నెత్తురు ఎంత వేగంతో పారుతున్నదో, ఏ క్షణాన మందగిస్తున్నదో తల్లి శరీరానికి చిన్న గాటైనా పెట్టకుండా నేటి వైద్యులు తెలుసుకోగలుగుతున్నారు. ఆ పరీక్షను వైద్యులు డాప్లర్ పరీక్ష అని వ్యవహరిస్తారు. ఆ పేరుగల మహనీయుడు వైద్యుడు కాడు. ఆయన ఏనాడూ ఏ రోగి నాడినీ పరీక్షించలేదు. ఆయన దృష్టి ఎల్లవేళలా ఆకాశంలోని నక్షత్రాల మీద ఉండేది. నక్షత్రాలను గురించి ఆయన చేసిన ఊహ పొరపాటైంది. ఆ ఊహకు ఆధారంగా నిలిచిన సూత్రం మాత్రం శాశ్వత సత్యమైంది.

క్రిస్టియన్ డాప్లర్ 1803వ సంవత్సరం నవంబరు 29వ తేదీన ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ నగరంలో జన్మించాడు. సంగీత ప్రపంచంలో సాటిలేని కీర్తిని ఆర్జించిన మొజార్ట్ కుటుంబం ఒకప్పుడు నివసించిన ఇంటికి సమీపంలోనే డాప్లర్ పుట్టిన ఇల్లు ఉంది. వారిది తరతరాలుగా రాతిపని చేసే వంశం. తండ్రి నిపుణుడైన శిల్పకారుడు. సుత్తి, ఉలి చేతబట్టి ఆ వృత్తిని కొనసాగించడం ఆ ఇంటి కుమారులకు సహజధర్మం. కాని క్రిస్టియన్ బాల్యం నుండి దుర్బల శరీరుడు. బరువైన రాళ్లను ఎత్తడం, రాతిధూళిలో పగలంతా శ్రమించడం అతనికి శక్యమయ్యేవి కావు. వృత్తికి పనికిరాని కుమారుణ్ణి ఏ దారిన పెట్టాలో తల్లిదండ్రులకు పాలుపోలేదు. అట్టి సమయంలో సాల్జ్‌బర్గ్‌లో గణితం బోధిస్తున్న సైమన్ స్టాంప్‌ఫర్ ఆ బాలుని బుద్ధిసూక్ష్మతను గుర్తించి, అతణ్ణి వియన్నాలోని పాలిటెక్నిక్ విద్యాలయానికి పంపవలసిందిగా సలహా ఇచ్చాడు. శరీరం కాదన్న చోట మేధ దారి చూపింది.

1822లో వియన్నా చేరిన డాప్లర్ 1825 వరకు అక్కడ గణితాది శాస్త్రాలను అభ్యసించాడు. అనంతరం స్వస్థలానికి తిరిగివచ్చి మిగిలిన చదువును పూర్తిచేసుకుంటూ, ఇతరులకు పాఠాలు చెప్పి జీవనం గడుపుకొన్నాడు. 1829లో మరల వియన్నా వెళ్లి ఆచార్య ఆడమ్ బర్గ్ వద్ద సహాయకునిగా చేరాడు. ఆ నాలుగేళ్ల కాలంలోనే ఆయన తొలి గణిత వ్యాసాలు వెలువడ్డాయి. కాని ఆ పదవి తాత్కాలికమైనది. 1833లో గడువు ముగియగానే ముప్ఫై ఏళ్ల పండితుడు నిరుద్యోగిగా వీధిన నిలిచాడు. ఆ రోజుల్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఆచార్యపదవికి దరఖాస్తు చేసిన వారు పోటీ పరీక్షలకు కూర్చోవలసి వచ్చేది. ఫలితాల కోసం నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. పూట గడవడానికి డాప్లర్ ఒక నూలుమిల్లులో లెక్కలు రాసే గుమాస్తాగా పనిచేశాడు. తరంగాల గమనాన్ని గణించవలసిన చేయి దాదాపు ఏడాదిన్నర పాటు పత్తి జమాఖర్చులను గణించింది.

ఎన్ని ప్రయత్నాలు చేసినా ఉద్యోగం దొరకక విసిగిపోయిన డాప్లర్ 1835లో మాతృదేశాన్ని విడిచి అమెరికా వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. ఉన్న వస్తువులను అమ్ముకొని, మ్యూనిక్ నగరానికి వెళ్లి అమెరికా ప్రతినిధిని కూడా కలుసుకున్నాడు. సరిగ్గా ఆ దశలో ప్రాగ్ నగరంలోని ఒక పాఠశాలలో గణితం బోధించే ఉద్యోగం ఆయనకు లభించింది. డాప్లర్ ప్రయాణం మానుకున్నాడు. మరుసటి ఏడాది సాల్జ్‌బర్గ్‌లో మథిల్డే అనే యువతిని వివాహమాడాడు. ఆ దంపతులకు ఐదుగురు సంతానం కలిగారు. పాఠశాల నుండి ప్రాగ్ పాలిటెక్నిక్‌కు మారి, 1841లో ఆయన అక్కడ పూర్తిస్థాయి ఆచార్యుడయ్యాడు.

పదవి లభించినా సుఖం లభించలేదు. తరగతులు కిక్కిరిసి ఉండేవి. వందలాది విద్యార్థులకు మౌఖిక, లిఖిత పరీక్షలు నిర్వహించే భారం ఆయనపై పడేది. పరీక్షలలో మరీ కఠినంగా వ్యవహరిస్తున్నాడని విద్యార్థులు ఫిర్యాదు చేయడం, పై అధికారులు విచారించడం కూడా జరిగాయి. బాల్యం నుండి ఆయనను వెన్నాడుతున్న అనారోగ్యం ఈ శ్రమవల్ల మరింత ముదిరింది. ఊపిరితిత్తుల వ్యాధి క్రమంగా ఆయనను పట్టి పీడించసాగింది. ఈ బాధల నడుమనే ఆయన జీవితంలో చిరస్మరణీయమైన రోజు వచ్చింది.

1842వ సంవత్సరం మే 25వ తేదీన ప్రాగ్‌లోని రాయల్ బొహీమియన్ శాస్త్రసంఘ సమావేశంలో డాప్లర్ ఒక వ్యాసాన్ని సమర్పించాడు. జంట నక్షత్రాల రంగులు ఆ వ్యాసవిషయం. అందులో ఆయన ప్రతిపాదించిన సూత్రం సరళమైనది. తీరాన లంగరు వేసి నిలిచిన ఓడను అలలు ఒక నియమిత క్రమంలో తాకుతాయి. ఆ ఓడ అలలకు ఎదురుగా సాగితే అదే కాలంలో మరిన్ని అలలు దానిని తాకుతాయి. అలలతో పాటే సాగితే తక్కువ అలలు తాకుతాయి. సముద్రం మారలేదు, అలల పుట్టుక మారలేదు. మారినది ఓడ గమనం మాత్రమే. శబ్దానికీ, కాంతికీ ఈ నియమమే వర్తిస్తుందని డాప్లర్ ప్రతిపాదించాడు. ధ్వనిని పుట్టించే వస్తువు మనను సమీపించేటప్పుడు సెకనుకు మన చెవిని చేరే తరంగాల సంఖ్య పెరిగి స్వరం హెచ్చుగా వినిపిస్తుంది; దూరమయ్యేటప్పుడు ఆ సంఖ్య తగ్గి స్వరం దిగిపోతుంది. సెకనుకు చేరే ఈ తరంగాల సంఖ్యనే పౌనఃపున్యం అంటారు. ఆగకుండా స్టేషను దాటిపోయే రైలు కూత ప్లాట్‌ఫారం మీద నిలిచినవారికి ఎదురువచ్చేటప్పుడు ఒక శ్రుతిలోనూ, దాటిపోయిన మరుక్షణం అంతకు తక్కువ శ్రుతిలోనూ వినిపించడం అందరికీ అనుభవమే. రైలులో కూర్చున్నవారికి మాత్రం ఆ కూతలో ఏ మార్పూ తోచదు.

సూత్రం సరియైనదే. దానికి డాప్లర్ చూపిన ఉదాహరణ మాత్రం సరికాలేదు. నక్షత్రాలన్నీ సహజంగా తెల్లనివేననీ, మనవైపు వచ్చేవి నీలిరంగులోనూ, దూరమయ్యేవి ఎర్రరంగులోనూ కనిపిస్తున్నాయనీ ఆయన భావించాడు. నిజానికి నక్షత్రాల రంగులకు ప్రధాన కారణం వాటి ఉష్ణోగ్రత. కంటికి స్పష్టంగా రంగు మారి కనిపించేటంత వేగం సాధారణంగా నక్షత్రాలకు ఉండదు. ఉదాహరణలోని ఈ దోషమే సూత్రం మీద కూడా పండితులకు సందేహం కలిగించింది.

హాలెండు దేశానికి చెందిన బైస్ బాలోట్ అనే యువశాస్త్రవేత్త ఈ సిద్ధాంతాన్ని పరీక్షింపదలచాడు. నక్షత్రాల విషయంలో డాప్లర్ భావన ఆయనకు అంగీకారం కాలేదు. కనుక ధ్వని విషయాన్ని ముందు తేల్చదలచి, 1845లో యుట్రెక్ట్ సమీపంలోని రైలుమార్గాన్ని ప్రయోగశాలగా మార్చుకున్నాడు. ఆవిరియంత్రం లాగే బండిమీద బాకాలు ఊదేవారిని ఎక్కించి ఒకే స్వరాన్ని పట్టి ఊదమన్నాడు. మార్గం పక్కన స్వరజ్ఞానంగల సంగీత విద్వాంసులను నిలిపి, బండి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ వినిపించే శ్రుతిని గుర్తించమన్నాడు. ఫిబ్రవరి నెలలో మంచుతుఫాను ఆ ప్రయత్నాన్ని భగ్నం చేసింది. జూన్ నెలలో ప్రయోగం ఫలించింది. బండి సమీపించేటప్పుడు స్వరం హెచ్చింది; దూరమయ్యేటప్పుడు తగ్గింది. ధ్వని విషయంలో డాప్లర్ సూత్రాన్ని తోసిపుచ్చడానికి వీలులేకుండా పోయింది.

అనారోగ్యం, పనిభారం కారణంగా డాప్లర్ 1847లో ప్రాగ్‌ను విడిచి, నేటి స్లొవాకియాలోని షెమ్నిట్జ్ పట్టణంలో గనుల విద్యాలయ ఆచార్యునిగా చేరాడు. మరుసటి ఏడాది ఐరోపా అంతటా విప్లవజ్వాలలు రగుల్కొన్నాయి. ఆ కల్లోలం నడుమ ఆయన 1849లో వియన్నాకు తిరిగి వచ్చాడు. ఈలోగా 1848లో వియన్నాలోని శాస్త్ర అకాడమీ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. ప్రాగ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. 1850 జనవరిలో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞతో వియన్నా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర సంస్థ ఏర్పడింది. దానికి మొట్టమొదటి సంచాలకుడు డాప్లర్. ఒకనాడు ఉద్యోగం దొరకక దేశం విడిచిపోవడానికి సిద్ధపడిన వ్యక్తి అదే దేశంలో అత్యున్నతమైన శాస్త్రపీఠాన్ని అధిరోహించాడు. ఆ సంస్థలో ఆయన ప్రయోగపాఠాలను విన్నవారిలో గ్రెగర్ మెండెల్ ఒకడు. బఠానీమొక్కలపై ప్రయోగాలు చేసి అనువంశిక సూత్రాలను కనుగొన్న మహాశాస్త్రవేత్త ఇతడే.

ఈ వైభవం ఎంతోకాలం నిలువలేదు. 1852లో జోసెఫ్ పెట్స్‌వాల్ అనే గణితాచార్యుడు డాప్లర్ సూత్రంపై తీవ్రమైన దాడి చేశాడు. ఛాయాచిత్ర కటకాల రూపకల్పనలో ప్రసిద్ధుడైన పెట్స్‌వాల్ సామాన్యుడు కాడు. గొప్ప ప్రకృతి నియమాలు గహనమైన సమీకరణాల నుండి వెలువడాలే తప్ప కొద్ది పంక్తుల గణితంతో తేలేవి కావని ఆయన వాదించాడు. గాలి వీస్తున్నంత మాత్రాన వాద్యగోష్ఠిలోని స్వరం మారదు గదా అన్నది ఆయన తర్కం. స్వరం పుట్టే చోటూ, వినేవాడూ కదలక, నడుమ ఉన్న గాలి మాత్రమే కదిలితే స్వరం మారదన్న మాట నిజమే. కాని డాప్లర్ చెప్పినది గాలి కదలికను గురించి కాదు; ధ్వనిని పుట్టించేవాని లేదా వినేవాని కదలికను గురించి. ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులను చెబుతుండగా అకాడమీ సభ్యులలో పలువురు పెట్స్‌వాల్ పక్షమే వహించారు. ఆచార్య ఎట్టింగ్‌షౌజెన్ వంటి కొందరు డాప్లర్‌ను సమర్థించినా వివాదం చల్లారలేదు.

అప్పటికే డాప్లర్ ఊపిరితిత్తులు పూర్తిగా క్షీణించాయి. వెచ్చని సముద్రపు గాలి మేలు చేస్తుందన్న ఆశతో 1852 నవంబరులో ఆయన వెనిస్ నగరానికి వెళ్లాడు. ఆ ఆశ ఫలించలేదు. 1853వ సంవత్సరం మార్చి 17వ తేదీన, యాభై ఏళ్లయినా నిండకుండానే, ఆయన అక్కడ కన్నుమూశాడు. వెనిస్‌లోని శాన్ మికేలే శ్మశానద్వీపంలో ఆయనను ఖననం చేశారు. తన సూత్రంపై పడిన నింద తొలగిపోవడం చూడకుండానే ఆ మేధావి లోకం విడిచిపోయాడు.

సత్యం మాత్రం సమాధి కాలేదు. 1860లో ఎర్నెస్ట్ మాక్ ప్రయోగపూర్వకంగా డాప్లర్ సూత్రాన్ని సమర్థించి పెట్స్‌వాల్ వాదంలోని పొరపాటును విడమరచి చెప్పాడు. కాంతి విషయంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో 1848లోనే స్వతంత్రంగా సరియైన మార్గం చూపాడు. నక్షత్రపు మొత్తం రంగును గాక, దాని వర్ణపటంలోని రేఖల స్థానభ్రంశాన్ని గమనించాలన్నాడు. 1868లో విలియం హగ్గిన్స్ ఆ మార్గంలోనే సిరియస్ నక్షత్ర గమనాన్ని గణించడానికి పూనుకున్నాడు. డాప్లర్ కలగన్న నక్షత్రగమన విజ్ఞానం ఆ విధంగా వేరొక రూపంలో సాకారమైంది.

ఆకాశం నుండి ఆ సూత్రం మానవ శరీరంలోకి అవతరించడానికి మరొక శతాబ్దం పట్టింది. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు మాత్రమే వినగలదు. అంతకు మించిన ధ్వనులను అతిధ్వనులు అంటారు. 1950వ దశకంలో జపాన్ దేశపు ఒసాకాలో షిగెవో సతొమురా అనే శాస్త్రజ్ఞుడు అతిధ్వనులను శరీరంలోకి పంపి, కదిలే గుండె భాగాల నుండీ, పారే నెత్తురు నుండీ మరలివచ్చే తరంగాలలోని మార్పును పట్టుకున్నాడు. 1964లో అమెరికాలో కొందరు వైద్యులు ఇదే పద్ధతిలో గర్భస్థ శిశువు గుండె చప్పుడును గుర్తించారు. 1977లో ఐర్లండులోని డబ్లిన్ నగరవైద్యులు ఫిట్జ్‌జెరాల్డ్, డ్రమ్ బొడ్డుతాడులోని రక్తప్రవాహాన్ని తల్లి ఉదరం పైనుండే కొలిచే విధానాన్ని ప్రకటించారు. రాతిపనివారి బిడ్డ నక్షత్రాల కోసం రాసిన సూత్రం ఇంకా పుట్టని బిడ్డల చెంతకు చేరింది.

ఈ పరీక్ష జరిగే తీరు తెలుసుకోదగినది. గర్భంలోని శిశువుకు ప్రాణవాయువూ, పోషకాలూ మాయ ద్వారా లభిస్తాయి. మాయను శిశువుతో కలిపేది బొడ్డుతాడు. అందులో సాధారణంగా రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. శిశువు గుండె రక్తాన్ని ధమనుల ద్వారా మాయకు పంపుతుంది. మాయలో శుద్ధమైన రక్తం సిర ద్వారా తిరిగి శిశువును చేరుతుంది. తల్లి ఉదరంపై ఉంచిన పరికరం సెకనుకు పదుల లక్షల కంపనాలుగల అతిధ్వనిని లోపలికి పంపుతుంది. పారే నెత్తుటి కణాలను తాకి ఆ ధ్వని వెనుదిరుగుతుంది. కణాలు పరికరం వైపు కదులుతుంటే తరంగాల సంఖ్య పెరుగుతుంది. దూరంగా కదులుతుంటే తగ్గుతుంది. ఉదాహరణకు 30 లక్షల కంపనాల ధ్వనిని పంపగా, నెత్తురు సెకనుకు అర మీటరు వేగంతో నేరుగా పరికరం వైపు వస్తుంటే, తిరిగివచ్చే ధ్వనిలోని తేడా సుమారు 2,000 కంపనాలు. ఈ తేడా మానవుని చెవికి అందే పరిధిలోనిదే. కనుకనే పంపిన ధ్వని చెవికి అందనిదైనా, దానిలో వచ్చిన మార్పును యంత్రం శబ్దంగా మార్చి వినిపించగలుగుతున్నది. తల్లి మొదటిసారిగా తన బిడ్డ నాడిని వినేది ఈ శబ్దంలోనే.

గుండె ముడుచుకున్నప్పుడు నెత్తురు ఉరవడిగా ముందుకు సాగుతుంది. గుండె విచ్చుకున్నప్పుడు వేగం తగ్గుతుంది. గర్భం ముదిరిన కొద్దీ, మాయ ఆరోగ్యంగా ఉంటే, ఈ విరామంలో కూడా ప్రవాహం ఆగదు, ముందుకే సాగుతుంది. మాయలోని సూక్ష్మనాళాలు దెబ్బతిన్నపుడు మాత్రం ప్రవాహానికి నిరోధం పెరుగుతుంది. అప్పుడు గుండె విచ్చుకొనే వేళ ప్రవాహం సన్నగిల్లుతుంది. స్థితి విషమిస్తే ఆ క్షణంలో పూర్తిగా నిలిచిపోతుంది. మరింత విషమిస్తే నెత్తురు వెనుకకు మళ్లుతుంది. శిశువు కష్టంలో ఉన్నదని ఈ సంకేతాలు వైద్యుని హెచ్చరిస్తాయి. ప్రాణవాయువు కొరవడినప్పుడు శిశువు శరీరం ఉన్న నెత్తురును మెదడుకు అధికంగా మళ్లించుకొంటుంది. ఆపదలో అన్నిటికన్నా విలువైనదానిని ముందుగా కాపాడుకొనే ఈ ప్రకృతి యుక్తిని సైతం మెదడులోని ధమనిని పరిశీలించి వైద్యులు పసిగట్టగలరు.

బిడ్డను గర్భంలోనే మరికొన్ని రోజులు ఉంచాలా, నెలలు నిండకపోయినా వెంటనే ప్రసవం చేయించాలా అన్న ప్రశ్న వైద్యునికి అగ్నిపరీక్ష వంటిది. తొందరపడితే పరిణతి చెందని ఊపిరితిత్తులతో బిడ్డ పుడుతుంది. ఆలస్యం చేస్తే గర్భంలోనే ప్రాణం పోవచ్చు. ఆ నిర్ణయానికి డాప్లర్ పరీక్ష ఒక ముఖ్యమైన ఆధారం. తల్లికి అధిక రక్తపోటు ఉన్నప్పుడు, శిశువు ఎదుగుదల కుంటుపడినప్పుడు, ఇటువంటి ప్రమాదభరితమైన గర్భాలలో ఈ పరీక్ష వల్ల శిశుమరణాలు తగ్గాయని అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి పరిశీలించిన పండితులు తేల్చారు. ఏ సమస్యా లేని గర్భిణులందరికీ దీనిని పదేపదే చేయడం వల్ల అటువంటి ప్రయోజనం రుజువు కాలేదు. ఎంతటి సాధనమైనా అవసరమెరిగి వాడినప్పుడే సార్థకమవుతుంది. అతిధ్వని పరీక్షను ఆడశిశువులను గుర్తించి హతమార్చడానికి వాడిన దుర్మార్గం మన సమాజంలో ప్రబలినందువల్లనే, గర్భస్థ లింగనిర్ధారణను నిషేధిస్తూ భారత ప్రభుత్వం 1994లో చట్టం చేయవలసి వచ్చింది. ప్రాణం నిలపడానికి పుట్టిన విద్యను ప్రాణం తీయడానికి వాడడం కంటే మించిన పాపం లేదు.

డాప్లర్ జీవితం ధనంతోనో, ఆరోగ్యంతోనో, జయఘోషలతోనో నిండినది కాదు. శరీరం సహకరించలేదు, ఉద్యోగం ఆలస్యమైంది, తోటి పండితులు నిరసించారు. తాను చూపిన ఉదాహరణ సైతం తప్పింది. అయినా ఆయన పట్టుకున్న మూలసూత్రం నిలిచింది. కదిలే వస్తువు తన కదలికను తన తరంగాలలోనే తెలియజేస్తుందన్న సత్యాన్ని ఆయన లోకానికి అందించాడు. ఆ సత్యం వల్లనే నేడు చీకటి గర్భంలోని బిడ్డ, నోరు విప్పి ఏడవడానికి ముందే, తన కష్టాన్ని వైద్యునికి చెప్పుకోగలుగుతున్నది. ఊపిరితిత్తుల వ్యాధితో ఊపిరాడక మరణించిన ఆ శాస్త్రవేత్త, తొలి ఊపిరి ఇంకా తీయని ఎందరో శిశువులకు ఆయువు పోసినవాడయ్యాడు.